ఇంట్లో కంట్రోలర్, క్లబ్బులో సీడీజేలు: మొదటి గిగ్‌కి ఎలా సిద్ధమవ్వాలి?

తమ్ముడూ, నీ ప్రశ్న చదివాను. కర్నూల్లో ఇంట్లోనే ఎఫ్‌ఎల్‌ఎక్స్4 కంట్రోలర్, ల్యాప్‌టాప్ పెట్టుకుని డీజే పని నేర్చుకున్నావు. సంగీత్ ఫంక్షన్లు, కాలేజీ ఫెస్ట్‌లు చేశావు. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక క్లబ్బు వాళ్లు శనివారం రాత్రి మొదటి గంట నీకిచ్చారు. అక్కడ సీడీజేలు (ల్యాప్‌టాప్ లేకుండా పెన్‌డ్రైవ్ నుంచే పాటలు ఆడే విడి ప్లేయర్లు), నాలుగు ఛానెళ్ల మిక్సర్ ఉంటాయట. నువ్వు వాటిని వీడియోల్లో చూడటమే తప్ప ఎప్పుడూ ముట్టుకోలేదు. కంట్రోలర్ మోసుకెళ్లాలా, రెండు పాటల వేగాన్ని తనే కలిపే సింక్ పనిచేయకపోతే పరువు పోతుందా, ఈలోపు అప్పు చేసైనా ఒక ప్లేయర్ కొని ప్రాక్టీస్ చేయాలా అని అడిగావు.

అప్పు మాట ముందు పక్కన పెట్టు. దాని సంగతి చివర్లో చెప్తా.

పెళ్లి బాక్సుల దగ్గర మొదలుపెట్టి తర్వాత క్లబ్బుల్లోకి వెళ్లినవాణ్ని కాబట్టి, నీలాంటి కుర్రాళ్లను డీజే బూత్‌లో చాలామందిని చూశాను. కొత్తవాళ్లు తడబడేది మెషిన్ తెలియక కాదు. ప్లే, క్యూ (పాట మొదలుపెట్టే చోటు), ఫేడర్ (సౌండ్ పెంచి తగ్గించే మీట), ఈక్యూ (బేస్, ట్రెబుల్ సర్దే నాబ్‌లు) ఎక్కడైనా ఒకటే. ముందు ప్లే చేసినవాడు ఏ స్విచ్‌ను ఎక్కడ వదిలేసి వెళ్లాడో చూసుకోకపోవడం వల్లే తడబడతారు. మిగతా తిప్పలు ఇంట్లో పెన్‌డ్రైవ్ సర్దేటప్పుడే మొదలవుతాయి. డెక్కుల (ప్లేయర్ల) ముందు నిలబడ్డాక కొత్తగా నేర్చుకోవాల్సింది నువ్వు భయపడుతున్నంత లేదు.

మొదట చేయాల్సిన పని ఒక్క ఫోన్ కాల్. క్లబ్బు మేనేజర్‌నో, అక్కడి సౌండ్ అతన్నో అడిగి మోడల్ పేర్లు తెలుసుకో. ఇంకా మంచిది, బూత్ ఫొటో ఒకటి వాట్సాప్‌లో పంపమను. "సీడీజేలు ఉన్నాయి" అంటే ఏమీ చెప్పనట్టే. పయనీర్ వాళ్ల సీడీజే-2000 వచ్చింది 2009లో. తర్వాత 2012లో నెక్సస్, 2016లో నెక్సస్ 2, 2020లో సీడీజే-3000 వచ్చాయి. వీటిలో ఏదైనా నీకు ఎదురుకావచ్చు. మొదటి 2000లో సింక్ బటనే లేదు. నెక్సస్‌లో సింక్ ఉంది కానీ ఫ్లాక్ ఫైళ్లు (నాణ్యత తగ్గని ఆడియో ఫార్మాట్) ఆడవు. ఫ్లాక్ ఆడేది నెక్సస్ 2 నుంచే. 3000లో హాట్ క్యూ బటన్లు (పాటలో గుర్తుపెట్టిన చోటికి నేరుగా వెళ్లేవి) ఎనిమిదీ స్క్రీన్ కింద వరసగా ఉంటాయి, నెక్సస్ 2లో నాలుగు బటన్లతో రెండు బ్యాంకులు మార్చుకోవాలి. కొన్ని చోట్ల విడివిడి ప్లేయర్లు కాకుండా ఎక్స్‌డీజే-ఆర్‌ఎక్స్3 లాంటి అన్నీ కలిసిన మెషిన్ పెడతారు. అదైతే నీకు పండగే, నీ కంట్రోలర్‌కి దగ్గర చుట్టం. మోడల్ తెలిసిన రోజే దాని మాన్యువల్ కంపెనీ సైట్ నుంచి దించుకో, ఉచితమే. అంతా చదవక్కర్లేదు. ముందు పేజీల్లో ప్లేయర్ బొమ్మ వేసి ప్రతి బటన్‌కీ నంబర్ ఇస్తారు. ఆ పేజీలు ప్రింట్ తీసి గోడకు అంటించుకో. కంపెనీ పేరు ఇప్పుడు ఆల్ఫాథీటా అయింది, కొత్త వస్తువుల మీద ఆ పేరు చూసి కంగారుపడకు.

ఇప్పుడు అసలు తేడా. నీ ఇంట్లో పని చేసేది ల్యాప్‌టాప్. కంట్రోలర్ దానికి చేతులు మాత్రమే. పాటలు వెతికేది, బీట్ లెక్కపెట్టేది, రెండు డెక్కుల వేగం కలిపేది అంతా ఆ ఒక్క ల్యాప్‌టాప్‌లోనే. క్లబ్బులో అలా కాదు. ఎడమ ప్లేయర్ ఒక మెషిన్, కుడి ప్లేయర్ ఇంకో మెషిన్, మిక్సర్ మూడోది. ప్రతి ప్లేయర్‌కీ దాని స్క్రీన్, దాని సెలెక్టర్ నాబ్, దాని సెట్టింగులు వేరే. వాటి మధ్య ల్యాన్ కేబుల్ కట్టి ఉంటే ఒక పెన్‌డ్రైవ్ అన్నిటికీ కనిపిస్తుంది, సింక్ కూడా పనిచేస్తుంది. కేబుల్ ఊడిపోయి ఉంటే ఎవరి సంసారం వాళ్లది.

దీనివల్ల జరిగే ప్రమాదం ఒకటి దగ్గరగా చూపిస్తా. కుర్రాడు ఎడమ డెక్కు మీద పాట నడిపిస్తున్నాడు. జనం ఇప్పుడిప్పుడే ఊగుతున్నారు. తర్వాతి పాట వెతకాలి. ఇంట్లో అలవాటుగా చూపు దగ్గర్లో ఉన్న స్క్రీన్ మీదికి, అంటే ఎడమదాని మీదికి పోయింది. నాబ్ తిప్పాడు, పాట దొరికింది, నాబ్ నొక్కాడు. నడుస్తున్న పాట మీదే కొత్త పాట లోడ్ అయింది. హాలంతా ఒక్కసారి నిశ్శబ్దం. తల ఎత్తేసరికి అందరూ బూత్ వైపే చూస్తున్నారు. దీనికి మందు ఉంది. ప్లేయర్ సెట్టింగుల్లో లోడ్ లాక్ అని ఒకటి ఉంటుంది, అది పెడితే ప్లే అవుతున్న డెక్కు మీద కొత్త పాట ఎక్కదు. అది ఆన్‌లో ఉందో లేదో వెళ్లగానే చూడు. లేకపోతే పెట్టు. దానితోపాటు ఇప్పటినుంచే ఇంట్లో ఒక అలవాటు చేసుకో: లోడ్ చేసే ముందు మిక్సర్‌లో ఏ ఛానెల్ ఫేడర్ కిందకి ఉందో చూసి, ఆ చేతి వైపే తిరుగు.

పెన్‌డ్రైవ్ గురించి కొంచెం ఎక్కువే చెప్తా, కొంప ముంచేది ఎక్కువగా అదే.

మన దగ్గర ఎక్కువమంది వర్చువల్ డీజే సాఫ్ట్‌వేర్‌లో ఫోల్డర్లు పెట్టుకుని ప్లే చేస్తారు. నువ్వు కూడా అంతే అనుకుంటా. ఆ ఫోల్డర్లను అలాగే పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తే సీడీజే పాట ఆడుతుంది, కాదనను. కానీ నువ్వు పెట్టుకున్న క్యూలు ఉండవు, నువ్వు సర్దుకున్న బీట్ గ్రిడ్ (ఏ బీట్ ఎక్కడ పడుతుందో చూపే గీతలు) ఉండదు, పాట వెతకడానికి తల ప్రాణం తోకకొస్తుంది. పాటలన్నీ పయనీర్ వాళ్ల సాఫ్ట్‌వేర్ రికార్డ్‌బాక్స్‌లోకి తెచ్చి, ఎనలైజ్ చేసి, అందులోంచే పెన్‌డ్రైవ్‌కి ఎక్స్‌పోర్ట్ చెయ్. ఎక్స్‌పోర్ట్ మోడ్‌కి డబ్బు కట్టక్కర్లేదు. ఫైళ్లు చేత్తో కాపీ చేయడం వేరు, రికార్డ్‌బాక్స్ నుంచి ఎక్స్‌పోర్ట్ చేయడం వేరు. దీన్ని మర్చిపోయి వచ్చినవాళ్లు బూత్‌లో తమ క్యూలు, ప్లేలిస్టులు లేని స్క్రీన్ చూసి నీరుగారిపోతారు.

పెన్‌డ్రైవ్ ఫార్మాట్ ఫ్యాట్32 ఉండాలి. ఎన్‌టీఎఫ్‌ఎస్ ఉంటే ప్లేయర్ అసలు గుర్తుపట్టదు, ఎక్స్‌ఫ్యాట్‌ను పాతవి తీసుకోవు. 32 జీబీ దాటిన డ్రైవ్‌ను విండోస్‌లో మామూలుగా ఫార్మాట్ చేయబోతే ఫ్యాట్32 ఆప్షనే కనిపించకపోవచ్చు. అందుకే 32 జీబీ డ్రైవ్‌లు రెండు కొనుక్కో. రెండింటిలోనూ అవే పాటలు, అవే ప్లేలిస్టులు. ఒకటి జేబులో, ఒకటి బ్యాగ్‌లో. ల్యాన్ కేబుల్ లేని చోట ఒకటి ఎడమకీ ఒకటి కుడికీ పెట్టుకుంటే గండం గట్టెక్కుతుంది. పాటలు 320 కేబీపీఎస్ ఎంపీ3 అయితే ఏ తరం ప్లేయరైనా కిక్కురుమనకుండా ఆడుతుంది. ఎక్కడో సైట్లలో దించిన 128 కేబీపీఎస్ ఫైళ్లు ఫంక్షన్ హాల్లో నడిచిపోతాయేమో కానీ, క్లబ్బు స్పీకర్లలో పైన గరగరా కింద డొల్లా తెలిసిపోతుంది. అలాంటివి ఉంటే కొనుక్కుని మార్చుకో, లేదంటే ఆ రాత్రికి ఆ పాట వదిలెయ్.

తెలుగు పాటలు వేస్తావు కాబట్టి ఇంకో మాట. తీన్‌మార్ పాటలకు, డప్పు దరువులకు రికార్డ్‌బాక్స్ ఒక్కోసారి బీపీఎం (నిమిషానికి ఎన్ని బీట్లో ఆ లెక్క) సగమో, రెట్టింపో చూపిస్తుంది. లైవ్‌లో వాయించి రికార్డు చేసిన పాత పాటల్లో వేగం నిలకడగా ఉండదు, గ్రిడ్ మొదట్లో సరిపోయి మధ్యలో పక్కకు జారుతుంది. ఇంట్లో చెవికి వినిపించి సర్దుకుంటావు. క్లబ్బులో క్వాంటైజ్ ఆన్‌లో ఉంటే నువ్వు కొత్తగా పెట్టే క్యూ దగ్గర్లోని గ్రిడ్ గీత మీదికి లాక్కుపోతుంది. గ్రిడ్డే తప్పయితే క్యూ కూడా తప్పే. వేయబోయే పాటలన్నిటికీ గ్రిడ్ ఇంట్లోనే చూసుకో. ఓపిక లేకపోతే కనీసం మొదటి పది పాటలకైనా.

ప్లేలిస్టులు చిన్నవిగా పెట్టుకో. "వార్మప్", "తెలుగు మెల్లగా", "తెలుగు స్పీడ్", "అడిగితే వేసేవి", అలా నీకు తోచిన పేర్లు చాలు. ఆ చిన్న స్క్రీన్ మీద వందల పాటల లిస్టు తిప్పుతూ కూర్చుంటే ఉన్న పాట అయిపోతుంది. రికార్డ్‌బాక్స్‌లో మై సెట్టింగ్స్ అని ఉంటుంది. క్వాంటైజ్, ఆటో క్యూ, జాగ్ మోడ్ లాంటి నీ అలవాట్లన్నీ పెన్‌డ్రైవ్‌లో దాచుకుని, నెక్సస్, ఆ తర్వాతి ప్లేయర్లలో అక్కడికక్కడే లోడ్ చేసుకోవచ్చు. మంచి సౌకర్యమే, కానీ మిక్సర్ మీది ఇన్‌పుట్ లాంటి స్విచ్‌లను అది ముట్టుకోదు. అవి నువ్వే చూసుకోవాలి.

ఇక శనివారం సంగతి. మొదటి గంట నీదే కాబట్టి నీకు పెద్ద లాభం ఒకటుంది: నీకంటే ముందు ఎవరూ ప్లే చేయరు. తలుపులు తీయకముందే వెళ్లు. సౌండ్ అతను ఎన్నింటికి వస్తాడో కనుక్కుని, అతను వచ్చేసరికి నువ్వు అక్కడ ఉండు. అరగంట ఖాళీ హాల్లో ఆ డెక్కుల మీద చెయ్యి పెడితే ఇంట్లో నెల రోజుల భయం పోతుంది. ముందు ఎవరూ ప్లే చేయరన్నాను కానీ, నిన్న రాత్రి ఎవరో చేసి ఉంటారు. స్విచ్‌లు వాళ్లు వదిలినట్టే ఉంటాయి. డ్యూటీ మారినప్పుడు ఆర్టీసీ డ్రైవర్ సీటు, అద్దాలు సర్దుకోకుండా బండి తీయడు కదా, నువ్వూ అంతే.

మిక్సర్ నుంచి మొదలుపెట్టు. ప్రతి ఛానెల్ పైన ఇన్‌పుట్ సెలెక్టర్ ఉంటుంది: డిజిటల్, లైన్, ఫోనో, యూఎస్‌బీ అని. పాట నడుస్తోంది, స్క్రీన్ మీద వేవ్‌ఫామ్ (పాట శబ్దాన్ని గీతల్లో చూపే బొమ్మ) కదులుతోంది, శబ్దం మాత్రం లేదు అంటే, నూటికి తొంభై సార్లు ఈ స్విచ్చే తప్పు చోట ఉంటుంది. ఏ ప్లేయర్ ఏ ఛానెల్‌కి, ఏ ఇన్‌పుట్‌లో కట్టారో సౌండ్ అతన్ని అడుగు. మధ్యలోని 2, 3 ఛానెళ్లకు కట్టడం మామూలు, కానీ నమ్మకం లేదు. తర్వాత క్రాస్‌ఫేడర్ అసైన్, అంటే అడ్డంగా జరిపే ఫేడర్‌లో ఏ వైపుకి ఏ ఛానెల్ అని చెప్పే స్విచ్. క్రాస్‌ఫేడర్ వాడని అలవాటు నీదైతే అన్ని ఛానెళ్లూ త్రూలో పెట్టు. లేకపోతే ఫేడర్ పైకి తోసినా పాట రాదు, ఎందుకో అర్థం కాదు. ఈక్యూ దగ్గర ఈక్యూ, ఐసొలేటర్ అని స్విచ్ ఉంటుంది. ఐసొలేటర్‌లో ఉంటే లో నాబ్ ఎడమకి పూర్తిగా తిప్పినప్పుడు బేస్ మొత్తం మాయమవుతుంది. ఈక్యూలో పెడితే డీజేఎం-900 రకం మిక్సర్లలో 26 డెసిబెల్స్ తగ్గుతుంది, అంటే కొంచెం మిగులుతుంది. ఏది మంచిదని గొడవ అనవసరం, నీ చెయ్యి దేనికి అలవాటైందో అది పెట్టుకో. కలర్ ఎఫ్‌ఎక్స్ నాబ్‌లన్నీ నడిమధ్యకు తెచ్చి, ఎఫెక్ట్ బటన్ లైట్ ఆర్పెయ్. నిన్నటివాడు ఫిల్టర్ సగం తిప్పి వదిలేస్తే నీ పాట రేకు డబ్బాలోంచి వచ్చినట్టు వస్తుంది, నువ్వేమో ఫైల్‌ను తిట్టుకుంటావు. బీట్ ఎఫ్‌ఎక్స్ ఆఫ్‌లో ఉందో లేదో కూడా చూడు.

ప్లేయర్ల మీద చూడాల్సినవి తక్కువే, కానీ పొరపాటు జరిగితే పెద్దగా కనిపిస్తాయి. టెంపో రీసెట్ బటన్ వెలుగుతోందా? వెలుగుతుంటే టెంపో ఫేడర్ ఎంత జరిపినా పాట వేగం మారదు. మాస్టర్ టెంపో ఆన్‌లో ఉందా? లేకపోతే వేగం పెంచినప్పుడు గొంతు సన్నబడి చిన్నపిల్లల పాటలా మారుతుంది. టెంపో రేంజ్ ఎంత ఉంది? స్క్రీన్ మీద ±6, ±10, ±16, వైడ్ అని చూపిస్తుంది. సీడీజే టెంపో ఫేడర్ 100 మిల్లీమీటర్లు ఉంటుంది. ±6లో ఒక మిల్లీమీటర్ జరిపితే వేగం 0.12 శాతం మారుతుంది, వైడ్‌లో అదే మిల్లీమీటర్‌కి 2 శాతం. 125 బీపీఎం పాటకు అది రెండున్నర బీపీఎం. ఎంత నేర్పరికైనా అక్కడ బీట్ కలపడం కష్టం. ±6 గానీ ±10 గానీ పెట్టుకో. నెక్సస్ 2 మీద పాట వెనక్కి నడిపే లీవర్ ఉంటుంది, అది ఫార్వర్డ్‌లో ఉందో లేదో చూడు.

జాగ్ వీల్, అంటే ప్లేయర్ మీద చేత్తో తిప్పే చక్రం, దానిది మరో కథ. ఎఫ్‌ఎల్‌ఎక్స్4 జాగ్ చిన్నది, తేలిక. సీడీజేది పళ్లెమంత ఉంటుంది. వినైల్ మోడ్‌లో పై భాగం ముట్టుకుంటే పాట ఆగిపోతుంది, సర్దుకోవాలంటే అంచు పట్టుకునే తోయాలి. సీడీజే మోడ్‌లో పైన ముట్టుకున్నా ఆగదు, వేగమే కొంచెం మారుతుంది. జాగ్ అడ్జస్ట్ నాబ్ ఉంటే అది ఎంత బరువుగా తిరగాలో నువ్వే పెట్టుకోవచ్చు. ఒక పాట ప్లే చేసి, రెండు మూడు నిమిషాలు ఊరికే అంచు తోస్తూ, లాగుతూ ఉండు. చేతికి లెక్క అందుతుంది.

సింక్ గురించి అడిగావు. ల్యాన్ కేబుల్ ఉండి, ప్లేయర్లు నెక్సస్ గానీ దాని తర్వాతివి గానీ అయి, పాటలు రికార్డ్‌బాక్స్‌లో ఎనలైజ్ అయి ఉంటే సింక్ శుభ్రంగా పనిచేస్తుంది. వాడుకో, ఎవడైనా వెక్కిరిస్తే వెక్కిరించనీ. కానీ ఈ మూడింటిలో ఒక్కటి తప్పినా పోవచ్చు, కాబట్టి అది లేకుండా కూడా నడపగలగాలి. ఇవాళ్టి నుంచి రోజూ కాసేపు ఇంట్లో ఇలా చెయ్. ల్యాప్‌టాప్ స్క్రీన్ మీద వేవ్‌ఫామ్, బీపీఎం ఉన్న చోట కాగితం అంటించు. సింక్ ఆపెయ్. మొదట రెండు డెక్కుల్లోనూ ఒకే పాట వేసి కలుపు, తర్వాత దగ్గర వేగమున్న రెండు పాటలు. కొత్త పాటను హెడ్‌ఫోన్‌లో క్యూ చేసి, మొదటి కిక్‌ను (బేస్ డ్రమ్ దెబ్బను) నడుస్తున్న పాట ఒకటో బీట్ మీద వదులు. కొన్ని బీట్లయ్యాక రెండు కిక్కులు విడిపోయి "డడం డడం" అని వినిపిస్తాయి. కొత్తది వెనకబడిందా, ముందుకెళ్లిందా? తెలియకపోతే జాగ్ అంచును కొంచెం ముందుకు తోయి. ఇంకా విడిపోతే అది ముందే పరిగెత్తుతోందని, కలిసిపోతే వెనకబడిందని. అప్పుడు టెంపో ఫేడర్‌ను దానికి తగ్గట్టు జరుపు. మొదటి రోజులు చిరాకుగా ఉంటుంది, వదలకు. పాటల బీపీఎంలు నీకు ఎలాగూ తెలుసు కాబట్టి సెట్ వరసను 2, 3 బీపీఎం తేడాలోనే పేర్చుకుంటే ఆ రాత్రి కష్టం సగం తగ్గుతుంది.

బీట్ కలిపేటప్పుడు ఏ స్పీకర్ వింటున్నావన్నది కూడా ముఖ్యమే. ధ్వని సెకనుకు దాదాపు 340 మీటర్లే ప్రయాణిస్తుంది. పెద్ద స్పీకర్లు నీకు 17 మీటర్ల దూరంలో ఉంటే వాటి శబ్దం నీ చెవికి సెకనులో ఇరవయ్యో వంతు ఆలస్యంగా చేరుతుంది. 120 బీపీఎంలో బీట్‌కి బీట్‌కి మధ్య అర సెకను ఉంటుంది. అందులో పదో వంతు తప్పిందన్నమాట. హెడ్‌ఫోన్‌లోనేమో పాట ఆలస్యం లేకుండా వస్తోంది. హాలు శబ్దం చూసి కలిపితే నీకు కలిసినట్టే ఉంటుంది, డ్యాన్స్ ఫ్లోర్ మీద మాత్రం కిక్కులు రెండుగా పడతాయి. వినాయక నిమజ్జనంలో డీసీఎం మీద, బాక్సుల వెనక నిలబడి వినాయక ఘాట్ దాకా ప్లే చేసిన ప్రతివాడికీ ఇది అనుభవమే: బేస్ ఒళ్లంతా తగులుతుంది కానీ కిక్ ఎక్కడ పడుతోందో తెలియదు. క్లబ్బులో దీనికి విరుగుడు బూత్ మానిటర్, నీ పక్కనే ఉండే చిన్న స్పీకర్. మిక్సర్ మీద దానికి వేరే నాబ్ ఉంటుంది. కలిపేటప్పుడు పెంచు, పాట వదిలాక తగ్గించు. అదీ లేకపోతే హెడ్‌ఫోన్ మిక్స్ నాబ్‌తో మాస్టర్‌నూ క్యూనూ రెండూ హెడ్‌ఫోన్‌లోకే తెచ్చుకుని అక్కడే కలుపు.

బూత్ మానిటర్ రాత్రంతా ఫుల్‌గా పెట్టుకుని ఉండకు. అమెరికాలోని నియోష్ అనే వృత్తి ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు ఉండొచ్చు, అక్కణ్నుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమైపోతుంది. 100 దగ్గర పావుగంటే. బూత్‌లో 100 దాటడం పెద్ద విశేషం కాదు. ఇయర్‌ప్లగ్‌లు ఒక జత బ్యాగ్‌లో పడేసుకో.

లెవెల్స్ విషయంలో పెళ్లి అలవాటు మానుకోవాలి. మన ఫంక్షన్లలో ఎవరో పెద్దాయన వచ్చి "సౌండ్ పెంచు బాబూ" అంటాడు, మనం మాస్టర్‌తోపాటు అన్నీ పైకి తోస్తాం, ఎర్ర లైట్లు వెలుగుతూనే ఉంటాయి. క్లబ్బులో మాస్టర్ ఎక్కడ ఉండాలన్నది సౌండ్ అతని లెక్క. నీ చేతిలో ఉన్నది ట్రిమ్, ఒక్కో ఛానెల్ గట్టిదనం సర్దే నాబ్. ప్రతి పాటా ఒకే గట్టిదనంతో ఉండదు, రికార్డ్‌బాక్స్‌లోని ఆటో గెయిన్ నీకు ఇక్కడ కలిసిరాదు. అందుకని కొత్త పాట హెడ్‌ఫోన్‌లో వింటున్నప్పుడే దాని ఛానెల్ మీటర్ చూసి, నడుస్తున్న పాట మీటర్‌తో సమానంగా వచ్చేలా ట్రిమ్ సర్దు. ఎరుపు తగలకూడదు. ఎరుపులోకి తోస్తే గట్టిగా రాదు, పగిలి వస్తుంది. హాలు నిండే కొద్దీ జనమే కొంత శబ్దాన్ని పీల్చుకుంటారు, అప్పుడు మాస్టర్ పెంచాలనిపిస్తే సౌండ్ అతనికి సైగ చెయ్. మొదటి గంట వాడివి నువ్వు, గట్టిగా ఉండాల్సిన గంట నీది కాదు.

నీ తర్వాత వచ్చే డీజే నీ సెట్ చివర్లోనే బూత్‌లోకి వస్తాడు. అతను తన పెన్‌డ్రైవ్ ఏ ప్లేయర్‌కి పెట్టాలో చూపించి, నీది ఏ ప్లేయర్‌లో ఉందో చెప్పు. నీ పాట నడుస్తుండగా ఎవరూ నీ పెన్‌డ్రైవ్ లాగకూడదు, నువ్వు కూడా. లాగితే పాట నాలుగు బీట్ల ముక్కలో చిక్కుకుని అక్కడక్కడే తిరుగుతుంది. ఎమర్జెన్సీ లూప్ అంటారు దాన్ని. అతని పాట ఎక్కి, నీ ఫేడర్ దిగాక, యూఎస్‌బీ స్టాప్ బటన్ నొక్కిపట్టి లైట్ ఆరాకే తీసుకో. దిగేముందు నువ్వు వాడిన ఛానెళ్ల ఈక్యూలు నడిమధ్యకు తెచ్చి, ఎఫెక్ట్‌లు ఆపు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, బూత్‌లో చెయ్యి కూడా మంచిగా ఉండాలి. రెండో గిగ్ చాలాసార్లు ఆ తర్వాతి డీజే నోటి మాటతోనే వస్తుంది.

కంట్రోలర్ తీసుకెళ్లాలా అంటే, నేనైతే వద్దంటాను. బూత్‌లో అది పెట్టడానికి చోటుండదు. ఎఫ్‌ఎల్‌ఎక్స్4కి మాస్టర్ అవుట్ ఆర్‌సీఏనే, దాన్ని మిక్సర్ వెనక్కి కట్టాలంటే ఎవరో ఒకరు టార్చ్ వేసుకుని వంగాలి. అయినా భయం తీరకపోతే మేనేజర్‌ను ముందే అడిగి, పొడుగు ఆర్‌సీఏ కేబుల్ నువ్వే తీసుకెళ్లి, సౌండ్ చెక్‌లోనే ఖాళీ ఛానెల్‌కి కట్టించు. ఆ ఛానెల్ లైన్‌లో ఉండాలి, ఫోనోలో కాదు. దాన్ని ఆపద్ధర్మంగానే ఉంచు. హెడ్‌ఫోన్‌కి 6.3 మిల్లీమీటర్ల అడాప్టర్ మాత్రం మర్చిపోకు. నీ కంట్రోలర్‌కి ఉన్నది 3.5 సాకెట్, పాత మిక్సర్లకు పెద్ద సాకెట్ ఒక్కటే ఉంటుంది. అంత దూరం వెళ్లి ఆ చిన్న ముక్క లేక చెవి పెట్టి వినలేని పరిస్థితి ఎవరికీ వద్దు.

ఇక కొనే సంగతి. సీడీజే-3000 జత, మిక్సర్ కలిపితే లక్షల్లో తేలుతుంది. ఒక్క ప్లేయర్ కొంటే దాంతో చేసేదీ పెద్దగా లేదు, కలపడానికి రెండు కావాలి. ఎఫ్‌ఎల్‌ఎక్స్4ను అమ్మేయకు. హైదరాబాద్‌లో ఈవెంట్లకు డీజే సామాను అద్దెకిచ్చే దుకాణాలున్నాయి. సామాను బయటికి తీసుకెళ్లను, ఇక్కడే గంట సేపు చూసుకుంటానని ముందే ఫోన్ చేసి అడిగితే, వారం మధ్యలో కొందరు తక్కువకే ఒప్పుకుంటారు. అన్నీ కలిసిన ఎక్స్‌డీజే మెషిన్ దొరికినా చాలు, పెన్‌డ్రైవ్ నుంచి ప్లే చేయడం, ప్లేయర్ స్క్రీన్ మీద పాట వెతకడం దాంట్లో చేతికొస్తాయి. నువ్వు ఎక్స్‌పోర్ట్ చేసిన పెన్‌డ్రైవ్ సరిగ్గా ఉందో లేదో కూడా అక్కడే తేలిపోతుంది. నిజానికి ఆ ఒక్క పరీక్ష కోసమైనా వారం మధ్యలోనే బస్సెక్కు.

మోడల్ పేర్లు తెలిశాక ఇక్కడే రాయి. నీ మొదటి పది పాటల వరస, బీపీఎంలతో సహా పెట్టు. చూసి చెప్తా.